పాత సూపర్ డ్యూటీకి ముందు కమాన్ పట్టీలు: ఏ బండికి ఏవి వెయ్యాలి?

ఫోర్డ్ వాళ్ల పెద్ద పికప్ ట్రక్కు సూపర్ డ్యూటీలో ఎఫ్-250, ఎఫ్-350 ఫోర్ బై ఫోర్ బళ్లకి ముందు కమాన్ పట్టీలు (లీఫ్ స్ప్రింగులు) ఉన్నది 1999 నుంచి 2004 మోడల్ దాకానే. 2005 నుంచి అవే బళ్లకి ముందు కాయిల్ స్ప్రింగులు వచ్చాయి. ఇదే చాసిస్ మీద కట్టిన ఎక్స్‌కర్షన్ అనే ఎస్‌యూవీ ఫోర్ బై ఫోర్‌కి మాత్రం 2005లో అది ఆగిపోయేదాకా పట్టీలే. ఈ మోడళ్లన్నిటిలో టూ వీల్ డ్రైవ్ బళ్లకి ముందు కాయిల్సే ఉంటాయి కాబట్టి వాళ్లకి ఈ గొడవ లేదు.

అంటే ఇప్పుడు మనం మాట్లాడుకునే బళ్లన్నీ ఇరవయ్యేళ్లు దాటినవే. అయినా 7.3 లీటర్ల పవర్ స్ట్రోక్ డీజిల్ ఇంజన్ కోసం వీటిని ఇప్పటికీ వెతుక్కుని మరీ కొంటున్నారు. టెక్సాస్‌లో ఊరికి దూరంగా కాస్త నేల కొనుక్కుని, ట్రాక్టరు లాగడానికి బండి చూసుకునే మనవాళ్లయినా, మిషిగన్‌లో చలికాలం మంచు తోసే పని పెట్టుకున్నవాళ్లయినా, బండి కొన్న కొన్నాళ్లకి అడిగేది ఇదే: "ముందు కూర్చుండిపోయింది, గుంతలో పడితే నడుం విరుగుతోంది, ఏ పట్టీలు వెయ్యమంటారు?"

ముందు ఇరుసు మీద రోజూ ఎంత బరువు ఉంటుందో తెలియకుండా దీనికి జవాబు చెప్పడం కుదరదు. కంపెనీ పేరు, లిఫ్ట్ (బండిని లేపే ఎత్తు) ఎన్ని అంగుళాలు, ఎన్ని పట్టీలు అన్నవన్నీ ఆ తరవాతి మాటలు.

ముందు తూకం

హైవే పక్కన పెద్ద ట్రక్ స్టాపుల్లో క్యాట్ స్కేల్ ఉంటుంది. ముందు చక్రాలు ఒక పలక మీద, వెనక చక్రాలు ఇంకో పలక మీద వచ్చేలా ఆపితే ఏ ఇరుసు మీద ఎంత బరువుందో విడివిడిగా రాసి ఇస్తారు. దీనికి అయ్యేది కొద్ది డాలర్లే. ట్యాంకు నింపి, రోజూ బండిలో ఉండే సామానుతో, రోజూ ఎక్కే మనుషులతో తూయించండి. ఖాళీ బండి తూకం వల్ల ఉపయోగం లేదు.

ఆ తరవాత డ్రైవర్ తలుపు తీసి స్టిక్కర్ చూడండి. ముందు ఇరుసు ఎంత బరువుదాకా మొయ్యొచ్చో అక్కడ పౌండ్లలో ఉంటుంది. అదే స్టిక్కర్ కింది వరసలో స్ప్రింగు కోడ్ కూడా ఉంటుంది. ఈ బళ్ల గురించి మాట్లాడేవాళ్లు వీ కోడ్, ఎక్స్ కోడ్ అనేది దీన్నే. మామూలుగా దొరికే ముందు పట్టీల్లో గట్టివి ఎక్స్ కోడ్‌వి, మంచు తోసే బ్లేడు పెట్టుకునే బళ్లకి వచ్చేవి. వీ కోడ్ దానికి ఒక మెట్టు కింద ఉంటుంది. పెట్రోలు ఇంజన్ బళ్లకీ, ఎక్స్‌కర్షన్‌లకీ ఇంకా మెత్తనివి వచ్చాయి.

బంపర్ కంటే ముందుకి వేలాడే బరువు ఇరుసు మీద తన బరువుకి మించి పడుతుంది. చాలామంది ఈ లెక్క వదిలేస్తారు. నాలుగు తలుపుల క్రూ క్యాబ్, వెనక చిన్న బెడ్ (సామాను తొట్టి) ఉన్న సూపర్ డ్యూటీకి రెండు ఇరుసుల మధ్య దూరం 156 అంగుళాలు. 800 పౌండ్ల మంచు బ్లేడు ముందు ఇరుసుకి 48 అంగుళాల ముందు వేలాడుతోందనుకోండి. ముందు ఇరుసు మీద పడేది 800 కాదు, దాదాపు 1,050 పౌండ్లు. ఆ పైన పడిన 250 వెనక ఇరుసు మీంచి లేచి వచ్చింది. బ్లేడు పెట్టినవాళ్లు బెడ్‌లో వెనకవైపున ఇసుక బస్తాలు వేసుకునేది అందుకే. ఉక్కు బంపరు, వించి (ఇరుక్కున్న బండిని లాగే తాడు యంత్రం) పెట్టుకున్నవాళ్లకీ లెక్క ఇదే, అంకెలు కాస్త తక్కువ.

ఇక ట్రెయిలర్ లాగేవాళ్లు. ట్రెయిలర్ నాలుక బరువు వెనక పడితే బండి ముందు భాగం లేస్తుంది, ముందు ఇరుసు తేలికవుతుంది. స్టీరింగు తేలిపోతోందని ముందు గట్టి పట్టీలు వెయ్యమని అడిగేవాళ్లని చూశాను. అది ముందు పట్టీల జబ్బు కాదు. బరువుని పంచే హిచ్ (ట్రెయిలర్‌ని తగిలించే అమరిక) పెట్టుకోవాలి, లేదంటే ట్రెయిలర్ మీద సామాను సర్దుకోవాలి. ఈ కారణంతో ఈ వ్యాసం చదువుతున్నవాళ్లు ఇక్కడ ఆపేసి హిచ్ సంగతి చూసుకోవచ్చు.

కూర్చున్న పట్టీ మెత్తబడిన పట్టీ కాదు

కమాన్ పట్టీ గట్టిదనం దాని కొలతల్లో ఉంటుంది: వెడల్పు, మందం, పొడవు, ఎన్ని పట్టీలు. ఇరవయ్యేళ్లలో పట్టీ వంపు పోతుంది, బండి రెండంగుళాలు దిగుతుంది. కానీ పట్టీ మందం తగ్గలేదు కదా, కాబట్టి అంగుళం కుంగడానికి ఎన్ని పౌండ్లు కావాలన్న లెక్క పెద్దగా మారదు. తుప్పు తిని పలచబడితేనో, లోపల ఒక పట్టీ విరిగితేనో సంగతి వేరు.

మరి ఎందుకంత కుదుపు? వంపు పోయిన పట్టీ మీద ఇరుసుకీ, ఫ్రేముకున్న రబ్బరు బంప్ స్టాప్‌కీ మధ్య ఖాళీ తగ్గిపోతుంది. చిన్న గుంతకే ఇరుసు వెళ్లి రబ్బరుని కొడుతుంది. ఆ దెబ్బ నేరుగా ఫ్రేముకి, అక్కణ్నించి మన నడుముకి వస్తుంది. డ్రైవరుకి మాత్రం పట్టీలు మరీ గట్టిగా ఉన్నాయనిపిస్తుంది. అందుకే మెత్తనివి కావాలని ఒకడు, మొయ్యలేకపోతున్నాయి కాబట్టి గట్టివి కావాలని ఇంకొకడు అడుగుతారు. ఇద్దరికీ కావాల్సింది పాత కోడ్‌లోనే కొత్త పట్టీలు కావచ్చు.

ఇంటి దగ్గరే చూసుకోవచ్చు. బండిని చదునైన చోట ఆపి, చక్రం మధ్య నుంచి ఫెండర్ అంచు దాకా రెండు పక్కలా కొలవండి. బంప్ స్టాప్‌కీ ఇరుసుకీ మధ్య ఎంత ఖాళీ ఉందో టార్చి వేసి చూడండి. రబ్బరు మీద మెరిసే అచ్చు ఉంటే రోజూ తగులుతోందని అర్థం. ఒక పక్క ఎక్కువ దిగి ఉంటే ఆ పక్క పట్టీల్ని చివరిదాకా చేత్తో తడిమి చూడండి, పగులు దొరకొచ్చు. పట్టీ చివరని ఫ్రేముకి కలిపే షాకిల్ బుష్‌లు ఊడిపోయి లోహం లోహానికి రాసుకుంటున్నా ఇలాంటి చప్పుడూ కుదుపూ వస్తాయి.

షాక్ అబ్జార్బర్లు ఎప్పుడు మార్చారో గుర్తులేకపోతే మొదటి డబ్బు అక్కడ పెట్టండి. బిల్‌స్టీన్ 5100, రాంచో 9000 లాంటివి ఈ బళ్లకి బాగానే పనిచేస్తాయి. రాంచోలో మీటతో గట్టిదనం మార్చుకునే వీలుంది కాబట్టి చలికాలం బ్లేడు పెట్టి, ఎండాకాలం తీసేసేవాళ్లకి అది పనికొస్తుంది.

ఎవరికి ఏది

పాత కోడ్‌లోనే కొత్త పట్టీలు వెయ్యడం ఎవరికీ ఉత్సాహం కలిగించని సలహా. కానీ ముందు అదనపు బరువేమీ లేని డీజిల్ బండికి నేను చెప్పేది ఇదే. ఎత్తు తిరిగి వస్తుంది, బంప్ స్టాప్ గొడవ పోతుంది, అలైన్‌మెంటు కంపెనీ లెక్కకి దగ్గరలోనే ఉంటుంది, కొత్తగా ఇంకేదీ కొనక్కర్లేదు. జత కొన్ని వందల డాలర్లలో అయిపోతుంది.

ముందు శాశ్వతంగా ఉక్కు బంపరూ వించీ ఉన్న డీజిల్ బండికీ, ఏడాదిలో ఎక్కువ నెలలు బ్లేడు మోసే బండికీ ఒక మెట్టు పైకి వెళ్లండి: వీ ఉన్నచోట ఎక్స్. ఇవి కంపెనీ వాళ్లే ఈ ఫ్రేముకి చేసినవి కాబట్టి పట్టీ చివర్ల కన్నులు సరిగ్గా కుదురుతాయి, కట్టని కలిపే సెంటర్ బోల్టు సరిగ్గా కూర్చుంటుంది. మెత్తని పట్టీలతో వచ్చిన ఎక్స్‌కర్షన్‌కి సూపర్ డ్యూటీ వీ గానీ ఎక్స్ గానీ వేసుకోవడం అమెరికాలో ఎన్నో ఏళ్లుగా ఉన్న అలవాటు, దాంతో ముందు భాగం కాస్త ఎత్తు కూడా పెరుగుతుంది.

అదే ఎక్స్ పట్టీల్ని 5.4 లీటర్ల పెట్రోలు బండికి వేస్తే మాత్రం చూస్కోండి. 7.3 డీజిల్ ఇంజన్ ఒక్కటే 900 పౌండ్ల పైన ఉంటుంది. ఆ బరువుకి కట్టిన పట్టీ తేలిక ఇంజన్ కింద కుంగదు, ఎత్తుగా నిలబడి ప్రతి రోడ్డు అతుకునీ లెక్కపెట్టి చెబుతుంది. ఒకే పట్టీ ఒకరికి రెండంగుళాలు లేపిందనీ, ఇంకొకరికి అంగుళమే లేపిందనీ వినిపించేది ఇందువల్లే. ఎవరైనా ఎంత లేచిందో చెబితే ముందు ఏ ఇంజనో అడగండి.

జంక్‌యార్డ్‌లో ఎక్స్ పట్టీలు దొరుకుతాయి, చవక కూడా. కానీ అవి ఎక్కణ్నించి వచ్చి ఉంటాయో ఆలోచించండి. ఎక్కువ భాగం బ్లేడు మోసిన బళ్లవి, ఉప్పు చల్లిన రోడ్ల మీద తిరిగినవి. వంపు పోయి, పట్టీల మధ్య తుప్పు పొరలుగా ఉబ్బి ఉంటాయి. పాతవాటిని తీసి మళ్లీ పాతవే వెయ్యడానికి అంత కష్టం అక్కర్లేదు. అరిజోనా, న్యూ మెక్సికో వైపు ఎండిన రాష్ట్రాల్లో దొరికితే చూడొచ్చు.

ఇప్పుడు అందరూ అడిగే యాడ్-ఎ-లీఫ్, అంటే ఉన్న కట్టలోకి ఇంకో పట్టీ దూర్చడం. వంద డాలర్ల చుట్టుపక్కల అయిపోతుంది కాబట్టి ఆశ పుడుతుంది. పట్టీ గట్టిదనం దాని మందానికి ఘనంగా పెరుగుతుంది: పావు అంగుళం పట్టీ బదులు 0.30 అంగుళాల పట్టీ వేస్తే మందం ఐదో వంతే పెరిగినా ఆ పట్టీ ఒక్కటే 73 శాతం గట్టిపడుతుంది. యాడ్-ఎ-లీఫ్‌లో దూర్చేది తరచుగా పొట్టి, మందపాటి, వంపు ఎక్కువున్న పట్టీ. పొట్టిదైతే పొడవు ఘనానికి విలోమంగా ఇంకా గట్టిపడుతుంది. అలసిపోయిన పాత పట్టీల మధ్య కొత్తది ఒక్కటే ఎక్కువ బరువు పట్టుకుంటుంది, దాని కొన దగ్గర పాత పట్టీ మీద ఒత్తిడి ఒకే చోట పడుతుంది. పట్టీలు విరిగేది ఎక్కువగా అక్కడే. వెనక పట్టీలకైతే నేను ఒప్పుకుంటాను, బరువు ఎప్పుడో ఒకసారి పడుతుంది. ముందు మాత్రం ఇంజన్ ఇరవై నాలుగ్గంటలూ మోయాల్సిందే. పైగా స్టీరింగు, బ్రేకులు దాని మీదే ఆధారపడతాయి. నా మాట అడిగితే ముందుకి యాడ్-ఎ-లీఫ్ వద్దు.

ఇరుసుకీ పట్టీకీ మధ్య ముందు బ్లాకు పెట్టి లేపడం గురించి ఒకే మాట: వద్దు. గట్టిగా బ్రేకు వేసినప్పుడు ఇరుసు తిరగబోతుంది, బ్లాకు ఆ తిప్పుడికి చెయ్యి పొడుగ్గా ఇస్తుంది. ఎవరైనా మెకానిక్ ముందు బ్లాకు పెడతానంటే వేరే మెకానిక్‌ని చూసుకోండి.

సుఖం కోసం అయితే

బండి మీద పెద్ద బరువేమీ లేదు, పిల్లల్ని వెంటేసుకుని దూరాలు తిరుగుతాం, కొలరాడో కొండదారుల్లోనో యూటా మట్టి రోడ్ల మీదో వెళ్తాం అనేవాళ్లకి ఇంకో రకం ఉంది. కాలిఫోర్నియా శాంటా ఆనాలో డీవర్, కొలరాడో గ్రాండ్ జంక్షన్‌లో అల్కన్ లాంటి వర్క్‌షాపులు మన బండి బరువు అడిగి పట్టీలు కట్టి ఇస్తాయి. మందమైన పట్టీలు కొద్దిగా కాకుండా పలచని పట్టీలు ఎక్కువగా పేర్చి, కొనల దగ్గర రాపిడి తగ్గించే ప్యాడ్లు పెడతారు. గట్టిదనం మందం ఘనంతో పెరుగుతుందన్న లెక్కే ఇక్కడ మనకి పనికొస్తుంది: రెండు మందపాటి పట్టీల పనిని ఏడెనిమిది పలచని పట్టీలు చేస్తే, ఒక్కోదాని మీద ఒత్తిడి తగ్గుతుంది, పట్టీ ఎక్కువ దూరం వంగగలదు, చిన్న గతుకులు లోపలికి రావు.

దీనికి పెట్టాల్సింది వెయ్యి డాలర్ల పైనే, పని అయ్యేదాకా వారాలు ఆగాలి. మట్టి పట్టీల మధ్యకి చేరితే కిర్రుమంటాయి, కడుక్కోవాలి. ఇంకో సంగతి, ఆర్డరు ఇచ్చేటప్పుడు క్యాట్ స్కేల్ కాగితం చేతిలో ఉండాలి. "మామూలు బరువే" అని చెప్పి, నెల తరవాత ఉక్కు బంపరు కొని బిగిస్తే ఆ పట్టీలు కుంగిపోతాయి. తప్పు పట్టీలది అవదు.

లిఫ్ట్ కిట్ కంపెనీల పట్టీలు వేరు. స్కైజాకర్ లాంటివాళ్లు కాస్త మెత్తగా, ఎక్కువ వంపుతో చేస్తారు. నాలుగంగుళాలకి మించి లేపాలనుకునేవాళ్లకి అవే దిక్కు. కానీ అంత లేపితే ఖర్చు పట్టీల దగ్గర ఆగదు. బ్రేకు గొట్టాలు పొడుగువి కావాలి, షాకులు పొడుగువి కావాలి, స్టీరింగు లింకుల కోణం మారుతుంది, ట్రాక్ బార్ (ఇరుసుని పక్కకి జరక్కుండా ఫ్రేముకి పట్టే కడ్డీ) ఉన్న బండికి ఇరుసు ఒక పక్కకి జరుగుతుంది. టైరు పెద్దది వెయ్యడం తప్ప వేరే పని లేకపోతే ఇదంతా అవసరమా అని ఒకసారి అడుక్కోండి.

మంచు బ్లేడు ఏటా మూడు నెలలే ఉండేవాళ్లకి టింబ్రెన్ రబ్బరు గుమ్మటాలు మంచి మధ్యేమార్గం. ఇవి బంప్ స్టాప్ చోట కూర్చుంటాయి. బ్లేడు లేనప్పుడు ఇరుసుకి కాస్త ఎడంగా ఉండి, బ్లేడు ఎత్తగానే బరువు పట్టుకుంటాయి. మిగతా తొమ్మిది నెలలు మామూలు పట్టీల సుఖమే. మిషిగన్‌లోనో మిన్నెసోటాలోనో ఉండే అన్నయ్యలకి ఎక్స్ పట్టీల కంటే ముందు నేను దీన్నే చూడమంటాను.

పాత పట్టీలకే మళ్లీ వంపు తెప్పించే స్ప్రింగు షాపులు ఇంకా ఉన్నాయి. మన ఆటోనగర్లలో లారీ కమాన్ కట్టలకి చేసే పనే. చల్లగానే సుత్తి దెబ్బలతోనో ప్రెస్సుతోనో వంచితే కొన్నాళ్లకి మళ్లీ దిగుతుంది. కొలిమిలో కాల్చి, నూనెలో ముంచి, మళ్లీ పదును దింపి ఇస్తామంటే మాత్రం పని మంచిదే. అయితే అమెరికాలో కూలి ఖర్చుతో చూస్తే కొత్త పట్టీల ధరకి దగ్గరపడుతుంది.

ఇంకా ముందుకెళ్లేవాళ్లు 2005 తరవాతి ఇరుసు, దాన్ని ఫ్రేముకి పట్టే రేడియస్ ఆర్ములు, కాయిల్స్ తెచ్చి వెల్డింగు చేసి మార్చేస్తారు. బండి తక్కువ చోటులో తిరుగుతుంది, కుదుపు తగ్గుతుంది, అది నిజమే. వెల్డింగు చేతిలో ఉన్నవాళ్లకి, వారాలకొద్దీ బండి నిలబెట్టగలిగేవాళ్లకి తప్ప నేను చెప్పను.

ఏది వేసినా స్టిక్కర్ మీద ఉన్న ముందు ఇరుసు పరిమితి పెరగదు. ఇరుసు, బేరింగులు, చక్రాలు, టైర్లు, బ్రేకులు అన్నీ పాతవే. క్యాట్ స్కేల్ కాగితంలో ముందు బరువు స్టిక్కర్ అంకెని దాటి ఉంటే బరువు దించడమే మార్గం.

బిగించేటప్పుడు

ఉప్పు చల్లే రాష్ట్రాల బండైతే పట్టీ కన్నులో బోల్టు బుష్ లోపలి గొట్టానికి అతుక్కుపోయి ఉంటుంది. సుత్తితో కొడితే రాదు, కోసి తియ్యాల్సిందే. అందుకని కొత్త బోల్టులు ముందే తెప్పించుకోండి, శనివారం మధ్యాహ్నం బండిని స్టాండ్ల మీద పెట్టాక వాటికోసం వెతకొద్దు. పట్టీని ఇరుసుకి బిగించే యూ బోల్టులు ఎప్పుడూ కొత్తవే. ఒకసారి బిగించినవి సాగి ఉంటాయి, మళ్లీ అదే బిగింపు పట్టవు.

ఒక పక్క పూర్తిగా ముగించాకే రెండో పక్క తియ్యండి, ఇరుసు కదలదు. బరువు పడేది ఫ్రేము కింద పెట్టిన స్టాండ్ల మీద, జాకీ మీద కాదు. కన్ను బోల్టుల్ని బండి గాల్లో ఉండగా పూర్తిగా బిగించకండి. చక్రాలు నేలమీద దిగి, బండి తన ఎత్తుకి వచ్చాక బిగించాలి. లేకపోతే రబ్బరు బుష్ ఎప్పుడూ మెలిపడి ఉండి ఏడాదిలో చిరుగుతుంది. చాలా షాపులు ఈ పని తొందరలో వదిలేస్తాయి, దగ్గరుండి అడగండి. పాలీయురెథేన్ బుష్‌లు ఎక్కువకాలం వస్తాయి కానీ గ్రీజు పెట్టకపోతే కీచుమంటాయి. రోజూ తిరిగే బండికి రబ్బరువే నయం.

ముందు ఎత్తు మారితే క్యాస్టర్ కోణం (చక్రం స్టీరింగుతో తిరిగే గీత ముందుకీ వెనక్కీ వాలే కోణం) మారుతుంది, అది తగ్గితే హైవే మీద బండి రెండు పక్కలా తిరుగుతూ ఉంటుంది. ఈ ఇరుసులకి క్యాస్టర్, క్యాంబర్ (చక్రం లోపలికీ బయటికీ వాలే కోణం) సరిచేసేది పై బాల్ జాయింట్ చుట్టూ ఉండే బుష్‌తో. అది చెయ్యడం తెలిసిన అలైన్‌మెంటు షాపుకే వెళ్లండి. టో (చక్రాల ముందు అంచులు లోపలికో బయటికో తిరిగి ఉండటం) ఒక్కటే సరిచేసి పంపే చోటికి ఈ బండి తీసుకెళ్లడం దండగ. పాత ట్రాక్ బార్, స్టీరింగు టై రాడ్ చివర్లు వదులుగా ఉంటే కొత్త పట్టీలతో ఊపు ఇంకా ఎక్కువ తెలుస్తుంది, కాబట్టి అలైన్‌మెంటుకి ముందే వాటిని చేత్తో ఊపి చూడండి.

వంద మైళ్లు తిరిగాక యూ బోల్టులు మళ్లీ టార్క్ రెంచితో చూడాలి, ఐదొందల మైళ్ల దగ్గర ఇంకోసారి. ఎత్తు పెరిగితే హెడ్‌లైట్లు ఎదుటివాళ్ల కళ్లలోకి పోతాయి, ఆ రాత్రే గోడకెదురుగా ఆపి దించుకోండి.